అనంతపురం వాళ్లకు జాగ్రత్త: ‘డిజిటల్ యాంటెన్నా’ బిగించాక వైరు పీకి చూడండి

నేను ఉండేది అనంతపురం పాతూరులో. పోయిన నెల ఒక టీవీ యాంటెన్నా మీద 3,249 రూపాయలు పెట్టాను. అందులో 1,450 ఇక వెనక్కి రావు. పెద్ద మొత్తమేం కాదు, పైగా చెప్పుకుంటే సిగ్గు, ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మొన్న శారదానగర్‌లో మా బావమరిది ఇంటికి పోతే వాళ్ల మిద్దె మీద అదే నల్ల పలక యాంటెన్నా, పక్కింటి మిద్దె మీద ఇంకొకటి. అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో టీవీ చూసేది అమ్మ ఒక్కతే. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం పాత సినిమా, రాత్రి వార్తలు. దానికి నెలనెలా కేబుల్ బిల్లు ఎందుకని నాకు ఎప్పటినుంచో ఉంది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక ప్రకటన వచ్చింది. నెల బిల్లు లేదు, డిష్ అక్కర్లేదు, 150కి పైగా చానెళ్లు, జీవితాంతం ఉచితం. ధర 1,799. కింద రివ్యూలు, వీడియోలు. వీడియోలో ఒకాయన పలకను కిటికీకి అంటించి టీవీ పెట్టగానే చానెళ్లు వరుసగా వచ్చేస్తున్నాయి. ఆర్డర్ పెట్టేశాను.

వచ్చింది నోటుపుస్తకం అంత పలక, దానికో సన్న వైరు. టీవీకి తగిలించి చానెళ్లు వెతకమంటే మూడుసార్లూ సున్నా. పెట్టెలో ‘మీ ఊళ్లోనే ఫిట్టింగ్’ అని ఫోన్ నంబరున్న కార్డు ఒకటి ఉంది. చేస్తే ఒక కుర్రాడు వచ్చాడు. మాట మంచిది, చేతిలో పని కూడా ఉన్నట్టే కనిపించింది. “ఇంట్లో పెడితే యాడొస్తుందన్నా, మిద్దె మీద కట్టాల. బూస్టర్ కూడా కావాల” అన్నాడు. బూస్టర్ 650, ఫిట్టింగ్ 500. మా నాయన కాలంలో దూరదర్శన్ కోసం నిలబెట్టిన ఇనుప పైపు మిద్దె మీద ఇంకా ఉంది, ఇన్నేళ్లుగా దానికి బట్టల తీగ కడుతున్నాం. దాని కొనకు పలక కట్టి, “బెంగళూరు టవర్ వైపు తిప్పినాను, ఇంక చూడండి” అని దిగాడు.

అసలు పని కిందకొచ్చాక జరిగింది. “టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కావాల, ఒకసారి హాట్‌స్పాట్ ఆన్ చేయండి” అన్నాడు. చేశాను. రిమోట్‌తో పది నిమిషాలు ఏదేదో నొక్కాడు. ఒక్కసారిగా చానెళ్లు! హిందీ వార్తలు, పాటలు, పిల్లల బొమ్మలు, ఒకటి రెండు తెలుగువి కూడా. అమ్మ సంబరపడి వాడికి కాఫీ ఇచ్చింది. నేను డబ్బులిచ్చాను.

మర్నాడు నేను పనికి పోయిన కాసేపటికి టీవీ ఆగిపోయింది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి మళ్లీ వచ్చింది. మూడో రోజూ అంతే. “నువ్వు గడప దాటితే అది కూడా మూగబోతుంది నాయనా” అని అమ్మ నవ్వింది. కుర్రాడికి ఫోన్ చేస్తే ఎండకు బూస్టర్ వేడెక్కుతోందన్నాడు. మా ఊరి ఎండ సంగతి తెలిసినవాణ్ని కాబట్టి అదీ నమ్మాను. వచ్చి పలకను అటూ ఇటూ తిప్పి 300 తీసుకుపోయాడు.

పట్టుకున్నది మా అమ్మాయి. ఆ రాత్రి నా ఫోన్‌కు ఈ రోజు డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది, అదే క్షణంలో టీవీ తెర మీద చుట్ట తిరుగుతూ పాట ఆగింది. అది లేచి తన ఫోన్ హాట్‌స్పాట్‌కు టీవీని కలిపింది. పాట మొదలైంది. తర్వాత టీవీ వెనక్కి పోయి యాంటెన్నా వైరు పీకేసింది. పాట నడుస్తూనే ఉంది.

అర్థమైంది కదా. ఈ రోజుల్లో చాలా స్మార్ట్ టీవీల్లో ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా వచ్చే చానెళ్లు లోపలే ఉంటాయి, మామూలు చానెళ్లలాగే నంబర్లతో వరుసగా కనిపిస్తాయి. మనం ఎప్పుడూ తెరవము కాబట్టి మనకు తెలియదు. వాడు తెరిచింది అవే. మిద్దె మీది పలక, బూస్టర్, బెంగళూరు వైపు తిప్పడం, ఇదంతా వట్టి నాటకం.

ఆ తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, ఈ యాంటెన్నా మన ఊళ్లో పనిచేయకపోవడం వస్తువు నాణ్యత సమస్య కానే కాదు. పట్టుకోవడానికి గాలిలో ఏమీ లేదు. మన దేశంలో నేల మీది టవర్ల నుంచి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే, ప్రైవేటు చానెళ్లకు ఆ దారే లేదు. కాబట్టి 150 చానెళ్లన్న మాట దగ్గరే అబద్ధం పట్టుబడుతుంది. దూరదర్శన్ డిజిటల్ టవర్ ప్రసారాలు 2016 ఫిబ్రవరిలో ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు లాంటి 16 నగరాల్లో మొదలయ్యాయి. ఆ జాబితాలో హైదరాబాదే లేదు, ఇంక అనంతపురం, కర్నూలు, కడప మాట చెప్పాలా? మా నాయన పైపు పట్టుకున్న పాత రకం ప్రసారాల సంగతంటారా, దేశం మొత్తం మీద ఓ 50 ముఖ్యమైన చోట్ల తప్ప మిగతావన్నీ 2022 మార్చిలోగా ఆపేస్తామని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి 2021లోనే ప్రకటించింది.

బెంగళూరు సిగ్నల్ మాట ఇంకా తమాషా. మనకు బెంగళూరు తిన్నగా కొలిచినా 190 కిలోమీటర్ల దాకా ఉంటుంది. టీవీ తరంగాలు దాదాపు చూపులాగా తిన్నగా పోతాయి. టవర్ 200 మీటర్ల ఎత్తున్నా, మన యాంటెన్నా నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో కట్టినా, 70 కిలోమీటర్ల దగ్గర భూమి వంపే అడ్డొస్తుంది. మధ్యలో కొండలు వేరే. బూస్టర్ ఉన్న సిగ్నల్‌ను పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించదు. లేనప్పుడు అది పెంచేది రొదనే.

ఆ వీడియోలు మాత్రం అబద్ధం కావు. అవి అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలవి. అక్కడ టవర్ల నుంచి డజన్ల కొద్దీ చానెళ్లు ఉచితంగా వస్తాయి, ఇదే పలక అక్కడ కిటికీ దగ్గర పెడితే చక్కగా పనిచేస్తుంది. అక్కడి వీడియో ఇక్కడ చూపించి అమ్ముతున్నారు, కిటుకంతా అదే.

మన ఈడు వాళ్లం ఇంకోచోట కూడా మోసపోతాం. పాత టీవీలో సిగ్నల్ తక్కువైతే చుక్కలు చుక్కలుగా అయినా బొమ్మ వచ్చేది, మిద్దె మీద ఒకరు తిప్పుతుంటే కింద ఇంకొకరు “వచ్చింది, పోయింది” అని అరిచేవాళ్లం. డిజిటల్‌లో ఆ మధ్య స్థితి దాదాపు ఉండదు. సిగ్నల్ చాలితే శుభ్రంగా వస్తుంది, కొంచెం తగ్గితే ముక్కలు ముక్కలవుతుంది, ఇంకా తగ్గితే ఏమీ రాదు. “కొంచెం తిప్పితే సరిపోతుంది” అని వాడు అన్నప్పుడు నేను తలూపింది ఆ పాత అలవాటుతోనే.

కాబట్టి ఇప్పటికే ఎవరైనా బిగించుకుని ఉంటే ముందు ఇంట్లో వైఫై, హాట్‌స్పాట్ అన్నీ ఆపి చూడండి. తర్వాత నెట్ మళ్లీ పెట్టి, వైరు పీకి చూడండి. బిగించే మనిషి ముందే, డబ్బులు ఇవ్వకముందే చేయండి. నేను చేయలేదు.

నెల బిల్లు లేని టీవీయే కావాలంటే దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ ఉంది. 2004 నుంచి నడుస్తోంది, డిష్, సెట్‌టాప్ డబ్బా ఒకసారి కొంటే చాలు. కమలానగర్‌లో కొన్నాను, బిగింపుతో కలిపి 1,900 అయింది. సిగ్నల్ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది, మన అనంతపురం నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, బాగా పైకి, 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ దిక్కున నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్టు అడ్డం లేకుండా చూసుకోండి. డబ్బా ఎంపెగ్-4 అనే కొత్త రకమా కాదా అడగండి, పాత రకంలో కొన్ని చానెళ్లు రావు. గట్టి వానకు బొమ్మ ఆగుతుంది, కానీ వానకు టీవీ ఆగితే అనంతపురంలో ఎవరు బాధపడతారు? ఇంకో మాట, పెద్ద తెలుగు చానెళ్ల సీరియళ్ల కోసమే అయితే దీనికి పోకండి, కేబులే మేలు. అమ్మకు సీరియళ్ల పిచ్చి లేదు కాబట్టి మాకు సరిపోయింది.

డబ్బుల సంగతి. వాడిన వస్తువు వెనక్కి తీసుకోమని అమ్మినవాళ్లు మొదట కుదరదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ప్రకటన స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు పెట్టాను. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి, 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. ఆ మాట రాసి పంపాక పద్దెనిమిదో రోజున 1,799 నా ఖాతాలో పడింది. పడకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోయేవాణ్ని, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. బూస్టర్, ఫిట్టింగ్ డబ్బులకు మాత్రం నా దగ్గర ఒక్క రసీదు లేదు. ఆ కుర్రాడి ఫోన్ రెండు వారాలుగా స్విచాఫ్.

ప్రకటన మాత్రం అలాగే ఉంది. నిన్న చూస్తే ధర 1,599కి తగ్గించారు.