ట్రిపుల్ జేనా, ట్రిపుల్ ఎమ్మా: ఏది మేలు?

ఆస్ట్రేలియాకి చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చినవాళ్లు సెకండ్‌హ్యాండ్ కారు కొనగానే అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. ఈ రెండూ ఎఫ్ఎమ్ రేడియో స్టేషన్లు: సిడ్నీలో 104.9 దగ్గర ట్రిపుల్ ఎమ్, కాస్త ముందుకి తిప్పితే 105.7 దగ్గర ట్రిపుల్ జే. రెండూ రాక్ సంగీతం పేరు మీద ఎదిగినవే. రెండూ సిడ్నీలో పుట్టి దేశమంతా పాకినవే. అలాంటప్పుడు ఏది పెట్టుకుంటే ఏమిటి అనిపిస్తుంది. నా లెక్కలో అసలు తేడా అవి ఎలా పాకాయన్న దగ్గరే ఉంది.

వయసులో ట్రిపుల్ జే పెద్దది. ప్రభుత్వ డబ్బుతో నడిచే ప్రసార సంస్థ ఏబీసీ 1975 జనవరిలో కుర్రకారు కోసం 2జేజే (డబుల్ జే) పేరుతో దీన్ని మొదలుపెట్టింది. అప్పట్లో ఏఎమ్ 1540 మీద వచ్చేది. ట్రాన్స్‌మిటర్ అంతంతమాత్రం కావడంతో సిడ్నీలోనే కొన్ని పేటలకి సరిగా అందేది కాదు. వ్యాపార రేడియోలు వేయడానికి ఒప్పుకోని స్కైహుక్స్ బ్యాండు పాటనే మొట్టమొదటి పాటగా వేసి, తమ తీరేమిటో ఆ రోజే చెప్పేశారు. 1980 ఆగస్టు మొదట్లో ఎఫ్ఎమ్‌కి మారి పేరులో మూడో జే చేర్చుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ట్రిపుల్ ఎమ్ కూడా సిడ్నీలో మొదలైంది.

ట్రిపుల్ ఎమ్ వేరే ఊళ్ల స్టేషన్లకి తన పేరు పెట్టుకుంటూ పెరిగింది. మెల్‌బోర్న్‌లో ఈయాన్ ఎఫ్ఎమ్ అని ఒకటుండేది, ఆ దేశపు తొలి వ్యాపార ఎఫ్ఎమ్ అదే. 1988లో దాని బోర్డు తీసి ట్రిపుల్ ఎమ్ అని పెట్టారు. బ్రిస్బేన్, అడిలైడ్ కూడా ఆ పేరు కిందికే వచ్చాయి. 2016 డిసెంబరులో చిన్న పట్టణాల స్టేషన్లు చాలావాటికి ఒకేసారి పాత పేర్లు పోయి ఈ పేరు వచ్చింది. పెద్ద ఊళ్ల వరకు ఇది మన మిర్చి పద్ధతే: పేరు ఒకటి, పొద్దుటి షో మాత్రం ఊరికొకటి. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా తరహా ఫుట్‌బాల్ గొడవ, సిడ్నీలో రగ్బీ లీగ్ గొడవ. ట్రాఫిక్ కబుర్లూ మీ ఊరివే. ఆఫీసులో సోమవారం పొద్దున అందరూ ఆట గురించి మాట్లాడుతుంటే మొహమొహాలు చూసుకోకుండా ఉండాలంటే ఇదే మంచిది, అందులో సందేహం లేదు. పాటలు మాత్రం ఎక్కువగా అందరికీ తెలిసినవే. ప్రకటనల మీద బతికే స్టేషన్, తెలియని బ్యాండు పాట వేస్తే వినేవాడు డయల్ తిప్పేస్తాడని భయం. ఆ భయం అర్థం చేసుకోదగిందే.

ట్రిపుల్ జేది వేరే దారి. 1989 నుంచి మిగతా రాష్ట్రాల రాజధానులకి, 1990ల నడుమ చిన్న పట్టణాలకి ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ వెళ్లారు. అన్ని చోట్లా ఒకటే కార్యక్రమం, ఊరికో షో లేదు. దీనికి సిడ్నీ శ్రోతలు మూల్యం చెల్లించారు. 1990లో వాళ్లకి అలవాటైన గొంతులు కొన్నింటిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. జనం సభలు పెట్టి మరీ గొడవ చేశారు. తమ ఊరి స్టేషన్‌ని తమ దగ్గర్నుంచి లాక్కున్నారన్నది వాళ్ల బాధ, ఆ మాటలో నిజముంది. ఇప్పటికీ మీ వీధిలో ట్రాఫిక్ ఆగిపోయినా ట్రిపుల్ జే చెప్పదు. కార్చిచ్చు హెచ్చరికలకైతే ఏబీసీ వాళ్లదే లోకల్ రేడియో వేరే ఉంది.

అయినా నా ఓటు ట్రిపుల్ జేకే. కారణం, ఆ ట్రాన్స్‌మిటర్లు వెళ్లిన ఊళ్ల నుంచి పాటలు తిరిగి రావడం. 1994లో న్యూకాసిల్ నుంచి ఇంకా బడికి వెళ్తున్న ముగ్గురు కుర్రాళ్లు ఒక డెమో పోటీకి పాట పంపారు. ఎస్‌బీఎస్ టీవీతో కలిసి ట్రిపుల్ జే పెట్టిన పోటీ అది. వాళ్లే తర్వాత సిల్వర్‌చెయిర్ అనే పేరున్న బ్యాండు అయ్యారు. మరుసటి ఏడాది 'అన్ఎర్త్‌డ్' పేరుతో కొత్త బ్యాండ్ల వేట మొదలైతే, తొలి విజేతల్లో లిస్మోర్ అనే చిన్న ఊరి గ్రిన్‌స్పూన్ ఉంది. లిస్మోర్ సిడ్నీకి వందల కిలోమీటర్ల దూరం. సిడ్నీ ఒక్కచోటే వినిపించే స్టేషనైతే ఆ బ్యాండు తలుపు ఎవరి దగ్గర తట్టాలి? ఒకే కార్యక్రమం దేశమంతటా రావడం శ్రోతకి లోటే కావచ్చు, చిన్న ఊరి బ్యాండుకి మాత్రం ఒక్కసారి పాట పడితే దేశమంతా విన్నట్టే. నెట్‌వర్క్ పెరగడం వల్ల ఎవరికి లాభం అని చూస్తే నాకు ఇదే పెద్దగా కనిపిస్తుంది.

పాటల ఎంపికలోనూ ఆ తేడా తెలుస్తుంది. ట్రిపుల్ జే కనీసం 40 శాతం ఆస్ట్రేలియా పాటలే పెట్టుకుంటుంది. ఏడాదికోసారి శ్రోతల ఓట్లతో వేసే వంద పాటల వరస 'హాటెస్ట్ 100' జనవరిలో వస్తుంది; ఆ రోజు పెరట్లో బార్బెక్యూ పొగ, రేడియో మోత. పిలిస్తే వెళ్లండి, ఇక్కడివాళ్లతో కలవడానికి అంతకన్నా తేలిక దారి నాకు కనబడలేదు.

సిడ్నీలోనే ఉండిపోయిన ఎఫ్‌బీఐ రేడియో కూడా బాగుంటుంది, 94.5 మీద. సగం ఆస్ట్రేలియా పాటలు, అందులో సగం సిడ్నీవే. ఊరు దాటితే కారు రేడియోలో వినిపించదు, అంతే.

ఒక్క మాట. ట్రిపుల్ జే గురి కుర్రాళ్ల మీద. నాలాగా ఆ వయసు దాటినవాళ్లకి కొన్ని గంటలు భరించడం కష్టమే. అందుకే ఏబీసీ 2014లో పాత పేరుని గుర్తుచేస్తూ డబుల్ జే తెచ్చింది. అది ఎఫ్ఎమ్‌లో రాదు, డిజిటల్ రేడియోలోనో ఫోన్‌లోనో వినాలి. పాత కారైతే ఫోన్ తగిలించే తీగ ఒకటి కొనుక్కోండి.