మోడల్ టీ (1924): రోడ్డు మీద కన్నా జాకీ మీదే మజా

చాలా ఏళ్ళుగా మా షెడ్డులో ఉంటున్న బండి ఇది, ఫోర్డ్ మోడల్ టీ టూరింగ్ కారు. మూడు పెడల్సు ఎలా తొక్కాలి, స్పార్క్ లివర్ ఎటు తిప్పాలి ఇవన్నీ యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి, చూసుకోండి. నాకు పిచ్చి పట్టించింది మాత్రం ఒక్కటే, దీని వెనక చక్రం.

మేముండేది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, పొలాల మధ్య. మా బండికి సెల్ఫ్ లేదు, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. చలికాలంలో ఆయిల్ చిక్కబడి క్లచ్ ప్లేట్లు అతుక్కుపోతాయి, న్యూట్రల్‌లో పెట్టినా సరే స్టార్ట్ అవగానే మెల్లగా తిప్పినవాడి మీదకే వస్తుంది. పక్క పొలం పెద్దాయన చూసి, వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, మిగతా చక్రాలకి అడ్డాలు పెట్టి తిప్పు అన్నాడు. లేపిన చక్రం గాల్లో తిరుగుతూ ఉంటుంది, బండి ఉన్నచోటే ఉంటుంది. పాత రైతులందరూ ఇలాగే చేసేవాళ్ళంట.

అంతటితో ఆగలేదు ఆయన. ఓ వారం పోయాక వాళ్ళ తాతల కాలం నాటి మొక్కజొన్న ఒలిచే మిషన్ ట్రైలర్‌లో వేసుకొచ్చి, ఆ చక్రానికే పుల్లీ బిగించి, దాన్నుంచి మిషన్‌కి పొడుగాటి బెల్టు వేశాడు. స్టార్ట్ చేసి టాప్ గేర్‌లో పెడితే కండెలు ఇటు పోస్తుంటే గింజలు అటు జలజలా రాలిపోతున్నాయి! అప్పుడు మా నాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, కాసేపు చేతులు కట్టుకుని చూసి, "ఇది కారేందిరా, మన ఆయిల్ ఇంజనే గదా, పిండి మర కూడా ఆడిద్ది దీని మీద" అన్నారు. ఇంగ్లీష్ రాని మా నాన్నా తెలుగు రాని ఆయనా ఆ సాయంత్రమంతా బెల్టు టైట్ చేసుకుంటూ గడిపేశారు, నేను కండెలు మోశా.

ఆ పిచ్చితో తర్వాత చదివితే అసలు సంగతి అర్థమైంది. 1920 సెన్సస్ నాటికి అమెరికా పొలాల్లో కారున్నవి నూటికి 30 పైనే, కరెంటో గ్యాసో లైట్లున్నవి 7. పల్లెలకి కరెంటు ఇవ్వడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా సంస్థ పెట్టిందే 1935లో. అంటే చాలా ఇళ్ళలో కారు ఇంజనే మోటరు, కట్టెలు కోసేదీ నీళ్ళు తోడేదీ బట్టలుతికే మిషన్ తిప్పేదీ అదే. పట్నం షికారు తర్వాత సంగతి.

కొన్న కొత్తలో కనపడ్డ ప్రతి ఒక్కరికీ, ఇది ఎలాంటి రోడ్డు మీదైనా పోద్ది అని చెప్పేవాణ్ణి. పోద్ది, పొడిగా ఉంటే. మా దగ్గర ఇప్పటికీ లెవెల్ బీ అని మట్టిరోడ్లున్నాయి, మీ రిస్క్ మీద వెళ్ళండి అని బోర్డు కూడా ఉంటుంది, వానపడితే ఆ నల్లమట్టిలో సన్న టైర్లు ఇరుసు దాకా దిగిపోతాయి. అప్పట్లో గుర్రాలతో లాగించుకునేవాళ్ళు, చాలామంది చలికాలమంతా కారుని కొట్టంలోనే పెట్టేసేవాళ్ళు. డి. వార్డ్ కింగ్ అని మిస్సోరి రైతు ఒకాయన దుంగని నిలువుగా చీల్చి, ఆ చెక్కల్ని గుర్రాలతో రోడ్డు మీద లాగించి చదును చేయడం ఊరూరా నేర్పాడు. 1916లో కేంద్రం ఐదేళ్ళకి 75 మిలియన్ డాలర్లు ఇచ్చే చట్టం వచ్చాక గానీ రోడ్లు ఓ దారిన పడలేదు. రోడ్డు పడ్డాక జనం దూరంగా ఉన్న పెద్ద టౌన్‌కే పోవడం మొదలెట్టారు, దాంతో నాలుగు రోడ్ల దగ్గర కొట్లు మూతపడ్డాయి, పిల్లలు బస్సెక్కి పెద్ద బడికి పోయారు. మా రోడ్డు చివర ఒంటిగది బడి ఇప్పుడు ఎవరిదో పనిముట్ల షెడ్డు.

బెల్టు సంగతిలో కూడా ఒకటి చెప్పాలి. ఈ ఇంజన్‌కి గవర్నర్ లేదు, అంటే స్పీడుని దానంతటదే అదుపులో పెట్టే భాగం. ఒకసారి కండెలు అయిపోగానే లోడు పోయి ఇంజన్ ఒక్కసారిగా అరుపందుకుంది, బెల్టు ఊడి షెడ్డు తలుపుకి కొట్టుకుంది, ఎవరికీ తగల్లేదు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ ఒక మనిషి థ్రాటిల్ లివర్ మీద చెయ్యి తియ్యకుండా కూర్చోవాల్సిందే. ఇంకోటి, బరువు పడ్డప్పుడు నేల మీదున్న చక్రం కూడా అంతే బలంగా తోస్తుంది, అడ్డాలు కదిలాయంటే బండి జాకీ దిగి వచ్చేస్తుంది. ఆయిల్ ఇంజన్ అంత నిశ్చింత కాదు నాన్నా, అని ఫోన్‌లో చెప్తే ఒప్పుకోలేదు ఆయన.

కొనమంటానా? నాకు షెడ్డు ఉంది, కంకర రోడ్డు ఉంది, పని తెలిసిన పెద్దాయన పక్కనే ఉన్నాడు, స్పేర్ పార్టులు కూడా ఇప్పటికీ దొరుకుతున్నాయి కాబట్టి నాకు నడుస్తోంది. హైవే మీద మాత్రం వెనక ట్రక్కులు హారన్ కొడుతుంటే నరకం, మా ఆవిడ ఒక్కసారి ఎక్కి మళ్ళీ ఎక్కలేదు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు, ఆదివారం షికారుకని చూసేవాళ్ళు వదిలెయ్యండి. చుట్టూ స్థలం ఉండి, బెల్టుకి తగిలించడానికి ఏదైనా పాత మిషన్ కూడా ఉంటే మాత్రం ఒకసారి చూడండి, జాకీ మంచిది కొనుక్కోండి.