పేగు కుట్టు మానడానికి: ఎంజైమును ఆపాలా, బ్యాక్టీరియాను శాంతపరచాలా?

పేగు ముక్క తీసేసి రెండు కొసలు కలిపి కుట్టాక మొదటి మూడు నాలుగు రోజులే గండం. కుట్లను పట్టి ఉంచేది పేగు గోడలో సబ్‌మ్యూకోసా అనే పొరలోని కొల్లాజెన్ (కణజాలానికి బలమిచ్చే ప్రొటీన్). కొత్తది తయారయ్యేలోపే ఎంఎంపీ (మ్యాట్రిక్స్ మెటలోప్రొటీనేజ్) ఎంజైములు పాతదాన్ని కరిగిస్తాయి. కుట్టు వదిలితే మలం పేగు బయట పొట్ట కుహరంలోకి కారి సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా ప్రాణాంతకంగా స్పందించడం) వస్తుంది.

మొదటి మార్గం ఎంజైమును ఆపడం. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆ ఎంజైములను అడ్డుకుంటుంది. చిగుళ్ల జబ్బుకు 20 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఇదే గుణం కోసం వాడతారు, కాబట్టి పాత, పరిచయమున్న మందు. ఎలుకల్లో ఎంఎంపీ నిరోధకాలు కుట్టు బలాన్ని పెంచాయి. కానీ కణాలు గాయంలోకి కదలాలన్నా ఎంఎంపీలే కావాలి. ఎక్కువ రోజులు ఆపితే మానడమే మందగించొచ్చు.

రెండో మార్గం, బ్యాక్టీరియాను శాంతపరచడం, ఇంకా లోతుకు వెళ్తుంది. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే పేగు బ్యాక్టీరియా కొల్లాజెన్‌ను తినేస్తూ, ఎంఎంపీ-9ను కూడా రెచ్చగొట్టి లీకు తెస్తుందని 2015లో షికాగో విశ్వవిద్యాలయ బృందం ఎలుకల్లో చూపింది. సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్‌లకు ఈ బ్యాక్టీరియా సహజంగానే లొంగదు. పేగులో ఫాస్ఫేటు తగ్గితే హానికర బ్యాక్టీరియా ఉగ్రమవుతుంది. అందుకే ఫాస్ఫేటు కలిపిన పాలీఇథిలీన్ గ్లైకాల్ (నీళ్లలో కరిగే ఒక పాలిమర్) ఇచ్చి చూశారు. అది సూక్ష్మజీవులను చంపదు, వాటిని కొల్లాజెన్ జోలికి మాత్రం పోనివ్వదు. మంచి బ్యాక్టీరియాను మిగులుస్తుంది గనుక నా మొగ్గు ఇటే. మనుషుల్లో రెండూ ఇంకా నిరూపణ కావాలి, కిడ్నీ జబ్బున్నవారికి ఫాస్ఫేటు మోతాదు ప్రమాదకరం కూడా.