జమ్ములో దాక్కునే కొంగ కోసం కొల్లేరుకి

కొల్లేరు అనగానే అందరూ చెప్పేది ఒకటే, డిసెంబరులో వెళ్లు, గూడబాతులు కనిపిస్తాయి అని. నేను ఆగస్టులో వెళ్లాను. నాకు కావలసింది యెల్లో బిట్టర్న్. గుడ్డికొంగ కంటే చిన్నది, మూరెడు కూడా ఉండదు. వానల్లో జమ్ము దుబ్బుల్లో గూడు పెడుతుంది, కాస్తో కూస్తో కంటపడేది అప్పుడే.

స్టేషన్‌కి దగ్గరని కైకలూరులో ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రమే గానీ కిటికీకి మెష్ లేదు. దోమల సంగతి చెప్పక్కర్లేదు. ఐదింటికి లేపమంటే లేపలేదు సరికదా, గేటుకి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని పడుకున్నాడు కుర్రాడు. రెండో రాత్రి ఏలూరుకి మారాను. ఏసీ, మంచి ఇడ్లీ, అన్నీ ఉన్నాయి, కాకపోతే తెల్లారేసరికి కైకలూరు పక్కనున్న పక్షుల కేంద్రం ఆటపాకలో ఉండాలంటే చీకట్లోనే కారెక్కాలి. ఈ పిట్ట కోసమైతే కైకలూరే నయం, దోమతెర పట్టుకెళ్లండి.

ఆటపాకలో పడవ ఎక్కాను. గూడబాతుల కోసం వేసిన ఇనుప స్టాండ్లు ఆ రోజు చాలావరకు ఖాళీ. పిల్లలతో చలికాలంలో వస్తే పడవ, మ్యూజియం రెండూ చూడొచ్చు. బిట్టర్న్‌కి మాత్రం ఇంజన్ చప్పుడు పడదు. ఆటో మాట్లాడుకుని కాలవ గట్లు పట్టుకోవడమే మేలు. మూడు గంటలకి ఆరొందలు తీసుకున్నాడు, నేను పిట్టల కోసం కూర్చుంటే అతను హాయిగా నిద్రపోయాడు. గట్లు నున్నగా చెక్కిన చేపల చెరువుల దగ్గర ఆగొద్దు. 2006లో ప్రభుత్వం ఎన్ని అక్రమ చెరువుల గట్లు కొట్టేసినా దారి పొడవునా ఇంకా అవే. జమ్ము, కిక్కిస కోయకుండా వదిలేసిన మురుక్కాలవ కనిపిస్తే అక్కడ దిగండి.

గొడుగు కింద నలభై నిమిషాలు కూర్చున్నాను. గాలి లేకుండానే జమ్ము కదిలింది. రెండు కాడల్ని చెరో కాలితో పట్టుకుని, నీళ్లకి జానెడు ఎత్తున వంగి ఉంది. నెత్తిన నల్ల టోపీ, అంటే మగది. మెడ ఒక్కసారి సాగింది, ఇంత పిట్టకి అంత మెడ ఎక్కడిదా అనిపించింది. ముక్కున చిన్న చేప. నేను బైనాక్యులర్ ఎత్తగానే ముక్కు ఆకాశానికి పెట్టి కర్రలా బిగుసుకుపోయింది. కళ్లు మాత్రం ముక్కు కిందుగా నన్నే చూస్తున్నాయి. ఎగిరినప్పుడు లేత పసుపు ఒంటికి రెక్కల అంచులు నల్లగా కనిపించాయి. దీని చుట్టం సినమన్ బిట్టర్న్‌కి ఆ నలుపు ఉండదు, రెక్కలు కూడా ఇటుక రంగే.

జమ్ము కోస్తున్న పెద్దాయన కొడవలి పక్కన పెట్టి అడిగాడు: "ఇంతోటి కొంగ కోసం హైదరాబాదు నుంచొచ్చావా బాబూ? మా ఇంటెనకాల బోదెలో రోజూ ఉంటది."

ఆటో అతన్ని లేపకుండానే ఆయన వెనకాల నడిచాను.