ఆటోలో వచ్చే "హెర్బల్" బాత్రూమ్ క్లీనర్ కొనకండి

ఆదివారం పొద్దున్నే మైకు పెట్టుకుని ఆటోలో ఫినాయిల్, బాత్రూమ్ లిక్విడ్ అమ్ముతూ వస్తాడు చూడండి, అతని దగ్గర ఏమీ కొనకండి. ముఖ్యంగా లేబుల్ లేని ఆ తెల్ల క్యాన్. ఐదు లీటర్లు 250 రూపాయలంటే నేనే తీసుకున్నాను.

ఊరికే తీసుకోలేదు, రెండుసార్లు అడిగాను. "ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, అత్తయ్యకు ఆయాసం, యాసిడ్ అయితే నాకొద్దు" అని చెప్పాను. "యాసిడ్ కాదు మేడమ్, హెర్బల్. నిమ్మ, వేప. మా పిల్లలున్న ఇంట్లోనూ ఇదే" అన్నాడు. నమ్మాను.

బాత్రూమ్ మూలల్లో పాకుడు వదలాలని మొన్న రాత్రి బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంచాను. నిన్న అది కడగకుండానే దాని మీద ఈ లిక్విడ్ పోశాను. పోయగానే బుసబుసమని పొంగింది. ఒక్కసారిగా ఘాటు, కళ్లు మంటలు, ఊపిరి అందలేదు. వెనక్కి తిరిగితే గుమ్మంలో పాప కూర్చుని ఆడుకుంటోంది. అప్పటికే దగ్గు మొదలైంది, ఆగట్లేదు. ఎత్తుకుని అత్తయ్యను కేకేస్తూ మేడ మీదికి పరిగెత్తాను.

బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుందని డాక్టరు గారు చెప్పారు. అది గాలికన్నా బరువట, నేలబారున పరుచుకుంటుందట. అంటే నిలబడ్డ నాకన్నా కింద కూర్చున్న పాపకే ఎక్కువ తగిలిందన్నమాట. నెబులైజర్ పెట్టి సాయంత్రానికి ఇంటికి పంపారు. రాత్రంతా దాని ఊపిరి వింటూ కూర్చున్నాను.

పొద్దున అతనికి ఫోన్ చేసి ఆ క్యాన్‌లో ఏముందని అడిగాను. "యాసిడేనమ్మా. యాసిడ్ లేకుండా బండలు అంత తెల్లగా ఎలా వస్తాయి? బ్లీచింగ్ మీద పోయకూడదని తెలీదా, చదువుకున్నవాళ్లే కదా" అని పెట్టేశాడు. పాప ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. తెలిసి ఉండాల్సింది, నిజమే. పేరు లేని క్యాన్ కొనడం నా తప్పే. కానీ యాసిడ్ అని చెప్పి ఉంటే నేను కొనేదాన్నే కాదు కదా! దుకాణంలో యాసిడ్ అమ్మాలంటే కొన్నవాళ్ల పేరు, చిరునామా రిజిస్టర్‌లో రాయాలని, గుర్తింపు కార్డు చూడాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఇతను వేప అని పేరు చెప్పి వీధివీధికీ తిప్పుతున్నాడు.

బోరు నీళ్ల తెల్ల మరకలకు కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు నీళ్లలో కలిపి పావుగంట ఉంచి రుద్దితే చాలు, మార్బుల్ మీద మాత్రం వద్దు. జిడ్డుకు వంటసోడా, నేల తుడవడానికి పల్చటి కుంకుడు రసం. నిమ్మఉప్పు, వెనిగర్ కూడా బ్లీచింగ్‌తో కలపకూడదు. ఏది వాడినా ముందుదాన్ని నీళ్లతో బాగా కడిగేయండి.

ఆ ఆదివారం నాతోపాటు మన వీధిలో ఇంకో నలుగురు అదే క్యాన్ తీసుకున్నారు. మీ దగ్గరుంటే ఇప్పుడే మూత గట్టిగా బిగించి, బ్లీచింగ్ డబ్బాకు దూరంగా, పిల్లలకు అందని చోట పెట్టండి.