ఏడేళ్ల అసోసియేషన్ మెంబర్‌షిప్: తలుపేసుకుని కూర్చునే ఆ చిన్న గ్రూప్ గురించే నా రివ్యూ

డైరెక్టరీలో పేరు, ఏడాదికోసారి పెద్ద సభ, రూల్స్ మారితే ఒక సర్క్యులర్, ఇవన్నీ ఏ వ్యాపారుల అసోసియేషన్‌లో చేరినా ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేది నెలకోసారి జరిగే మా చిన్న గ్రూప్ గురించి. ఎనిమిది మందిమి, అందరం సొంతంగా వ్యాపారం నడుపుకునేవాళ్లమే, ఎవరి లైన్ వాళ్లది, నాది అట్టపెట్టెల యూనిట్. ఈ ఒక్క గ్రూప్ లేకపోతే నేను ఎప్పుడో రెన్యువల్ ఆపేసేదాన్ని.

ఇందులో ఒక రూల్ ఉంది, సలహా ఇవ్వకూడదు. "నువ్వు ఇలా చెయ్" అనే మాట నోట్లోంచి రాకూడదు, "నాకు ఇలా జరిగింది" అని మాత్రమే చెప్పాలి. మొదటి ఆర్నెల్లు నాకిది అస్సలు నచ్చలేదు, తల పగిలిపోయే సమస్యతో వెళ్తే దారి చూపించకుండా ఎవరి కథ వాళ్లు చెప్తారేంటి అని కోపంగా ఇంటికొచ్చేదాన్ని.

మూడో ఏడు నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. అప్పట్లో నా ఆర్డర్లలో సగానికి పైగా ఒక్క కస్టమర్ నుంచే వచ్చేవి, వాళ్ల పర్చేజ్ మేనేజర్ వచ్చే ఏడాదికి మీ ఆర్డర్ డబుల్ అవుతుంది, కెపాసిటీ రెడీ చేసుకోండి అన్నాడు, నేను ఆ ఊపులో ఇల్లు తాకట్టు పెట్టి రెండో మిషన్ కొనడానికి లోన్ పేపర్లు కూడా సిద్ధం చేసుకున్నా. గ్రూప్‌లో నా వంతు వచ్చినప్పుడు నేను సమస్యగా చెప్పింది కూడా అది కాదు, ఏ బ్యాంక్‌లో వడ్డీ తక్కువ అని అడిగానంతే. ట్రాన్స్‌పోర్ట్ నడిపే ఒకాయన ఉన్నారు, మేమంతా అన్న అంటాం, ఆయన బ్యాంక్ గురించి ఏమీ మాట్లాడకుండా బ్యాగ్‌లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి టేబుల్ మీద పరిచారు. మడతల దగ్గర చిరిగిపోతే టేప్ అంటించి ఉంది. పాత లోన్ వాయిదాల షెడ్యూల్ అది. "అమ్మా, ఇలాగే నోటిమాట మీద నాలుగు లారీలు కొన్నాను. మూడో నెలలో వాళ్ల మేనేజర్ మారాడు, లోడ్లు సగమయ్యాయి. వాయిదాలు మాత్రం ఇదిగో ఈ గీత దాకా కట్టాను" అని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన చివరి లైన్ చూపించారు. కొనొద్దని ఒక్క మాట అనలేదు. పక్కనున్నావిడ మాత్రం ఒకటి అడిగింది, "డబుల్ అవుతుందన్నది కాగితం మీద ఉందా అక్కా?" అని. నా దగ్గర సమాధానం లేదు.

మర్నాడు ఆ కస్టమర్‌ని ఒక లెటర్ ఇమ్మని అడిగా. ఇస్తాం ఇస్తాం అని ఆరు వారాలు తిప్పి ఇవ్వలేదు. మిషన్ కొనలేదు, గ్రూప్‌లో ఒకరికి తెలిసిన వేరే యూనిట్‌కి ఎక్కువైన పనంతా జాబ్ వర్క్‌కి ఇచ్చా, మార్జిన్ తగ్గింది గానీ నెట్టుకొచ్చా. ఏడు నెలలకి ఆ ఆర్డర్లు మూడో వంతుకి పడిపోయాయి. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఆ టేప్ అంటించిన కాగితమే. సలహా అయితే నేను వాదించేదాన్ని, అది నాకు తెలుసు. ఆయన దెబ్బ తిన్న కాగితంతో ఏం వాదిస్తాను?

ఇది కొత్త పద్ధతేం కాదు. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ జుంటో అని ఒక క్లబ్ పెట్టాడు, శుక్రవారం సాయంత్రాలు కలిసేవాళ్లు, వాళ్ల ప్రశ్నల లిస్ట్‌లో ఈ మధ్య ఎవరి వ్యాపారం దెబ్బతింది, కారణం ఏం విన్నారు అనేది కూడా ఉండేది. నాకు ఆ ప్రశ్న భలే నచ్చుతుంది, గెలిచినవాళ్ల స్పీచులు ఎక్కడైనా దొరుకుతాయి కదా.

మొదట్లో అందరికీ గొప్పగా చెప్పి ఇద్దరు ముగ్గుర్ని చేర్పించిన వారం వారం రిఫరెన్స్ మీటింగ్ (కస్టమర్ కావచ్చనుకున్నవాళ్ల పేర్లు స్లిప్ మీద రాసి ఒకరికొకరు ఇచ్చుకునేది) గురించి మాత్రం ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. స్లిప్పులు చాలా వచ్చాయి, వాటిలో ఎక్కువ పేరూ ఫోన్ నంబరే, అవతలివాళ్లకి పెట్టెల అవసరమే లేదు. నిలబడ్డ ఆర్డర్లు రెండే, రెండూ నా పని కళ్లారా చూసినవాళ్లు పంపినవి.

చిన్న గ్రూప్‌లో కూడా ఒక ఏడాది బాగా చెడింది. నాలుగో ఏడు ఆఫీస్ వాళ్లు మా గ్రూప్‌లోకి ఇంకో అట్టపెట్టెల ఆయన్ని వేశారు. మంచి మనిషే, కానీ ఆయన ఎదురుగా నా రేట్లు, నా బాకీలు ఎలా చెప్తాను? తొమ్మిది నెలలు అంతా బాగుందండీ అనే చెప్పా, ఆ తొమ్మిది నెలలూ నాకు ఉపయోగం సున్నా. అడగ్గా అడగ్గా ఆయన్ని వేరే గ్రూప్‌కి మార్చారు. చైనాలో జింగ్ కాయ్, ఆడమ్ సైడ్ల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2,820 చిన్న కంపెనీలతో ఒక ప్రయోగం చేసి 2018లో అచ్చువేశారు, లాటరీ తీసినట్టు కొందరికి ఏడాదిపాటు నెలనెలా ఇలాంటి మీటింగ్‌లు పెట్టి మిగతావాళ్లకి పెట్టలేదు, మీటింగ్‌లు పెట్టినవాళ్ల అమ్మకాలు మిగతావాళ్లతో పోలిస్తే 8.1 శాతం పెరిగాయి, పనికొచ్చే సమాచారం పోటీదార్లు కానివాళ్ల మధ్యే ఎక్కువగా పంచుకున్నారని కూడా తేలింది. నా తొమ్మిది నెలలు చెప్పింది కూడా ఇదే. చేరేముందు ఫీజు కంటే ముందు గ్రూప్‌లో మీ లైన్ వాళ్లు ఉన్నారా అని అడగండి.

నేను ఒక్కదాన్నే ఓనర్ని, ఇంట్లో ఎవరికీ వ్యాపారం తెలీదు, అందుకే నాకు ఈ గ్రూప్ ఇంత విలువైంది. ముక్కుసూటిగా మాట్లాడే పార్ట్‌నర్ ఉన్నవాళ్లకి ఇంత అవసరం పడకపోవచ్చు. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లయితే నెలకో రోజు షట్టర్ మూసి రావడం కష్టమే. ఈ ఏడాదికి రెన్యువల్ కట్టేశా. ట్రాన్స్‌పోర్ట్ అన్న వచ్చే మార్చికి రిటైర్ అవుతానంటున్నారు, ఆ కుర్చీలోకి ఎవరొస్తారో చూశాక మళ్లీ రాస్తా.