డంకి జాతి కోళ్ళ కోసం ఆరేళ్ళు తిరిగాక: ఎక్కడ తెస్తే ఏమైంది

మాది గజపతినగరం దగ్గర ఒక పల్లె. డంకి మన విజయనగరం జిల్లా కోడే, శ్రీకాకుళం, విశాఖ వైపు కూడా ఉంది. కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది కూడా. అయినా సొంత జిల్లాలో నికరమైన జంట దొరకడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇప్పటికి నాలుగు చోట్ల నుంచి కోళ్ళో గుడ్లో తెచ్చాను. పందేలకి కాదు, జాతి నిలబెట్టాలని పెంచుతున్నాను, కాబట్టి పుంజు ఎంత బాగా కొడుతుందన్నది నేను చూడలేదు.

మొదట ఒక వారపు సంతలో రెండు పెట్టలు, ఒక పుంజు కొన్నాను. చూడ్డానికి బాగున్నాయి, ఎత్తు కాళ్ళు, గట్టి ఛాతీ. ఆ రోజే ఇంటి కోళ్ళతో కలిపేశాను. వారం తిరక్కుండానే కొక్కెర తెగులు పడింది, మెడలు తిప్పుకుంటూ, ఆకుపచ్చగా పారుకుంటూ పందొమ్మిదింట్లో పదిహేను పోయాయి. మా అమ్మ అన్నం తినలేదు ఆ రోజు. అప్పట్నుంచి ఎంత నమ్మకమైన వాళ్ళు ఇచ్చినా కొత్త కోడి మూడు వారాలు పెరటి అవతల వేరే గూట్లో ఉండాల్సిందే, దాని నీళ్ళ గిన్నె కూడా వేరే. పిల్లలకి వారం రోజుల వయసులో లసోటా చుక్కలు, రెండో నెలలో ఆర్2బి సూది తప్పకుండా వేయిస్తున్నాను, రెండూ ఆ కొక్కెర తెగులుకి టీకాలే. సంతలో కోడిని కూరకి కొనండి, జాతికి మాత్రం వద్దు. తల్లి ఎవరో, ఎక్కడ పెరిగిందో అక్కడ చెప్పేవాడు ఉండడు.

రెండోసారి వీడియోలు చూసి, వేరే జిల్లాలో ఒక ఫారం నుంచి నెల పిల్లలు ఇరవై తెప్పించాను. అసలు డంకి అన్నారు, ధర కూడా అలాగే తీసుకున్నారు. నాలుగో నెల వచ్చేసరికి అయిదింటికి రంపపు పళ్ళలా నిలబడే తురాయి వచ్చింది. డంకికి ఉండాల్సింది శనగగింజలు అతికించినట్టు తలకి అంటుకుని ఉండే ముద్ద తురాయి. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోండి, ముద్ద తురాయి గుణం బలమైనది, తల్లీతండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా పిల్లలో కనపడుతుంది, అందుకే కలగలుపు పక్షి కూడా తలమీద చూస్తే అసలుదానిలాగే ఉంటుంది. పిల్లల్లో రంపపు తురాయి తేలిందంటే తల్లిలోనూ తండ్రిలోనూ ఇద్దరిలోనూ ఆ కలుపు ఉందన్నమాట. వనరాజా మంచి కోడే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం, గుడ్లూ మాంసమూ రెండూ ఇస్తుంది, కానీ దాని రక్తం కలిపి జాతి కోడి అని అమ్మితే కడుపు మండుతుంది. ఇప్పుడు పందేల వాళ్ళు పెరూ పుంజుల్ని కూడా విపరీతంగా కలుపుతున్నారు. పుంజు చురుగ్గా వస్తుందేమో గానీ, మన జాతి మాత్రం ఊరూరా కరిగిపోతోంది.

మూడోసారి తెప్పించిన పార్సిల్ గుడ్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఊకలో పెట్టి బాగానే పంపారు, రాగానే ఒక రోజు కదపకుండా ఉంచాను, అయినా ఇరవై నాలుగింట్లో ఏడే పిల్లలయ్యాయి. బస్సు కుదుపుకి లోపల చెదిరిపోతాయి.

నాలుగోది మెంటాడ వైపు ఒక తాత దగ్గర. అసలు ఈ సమీక్ష రాస్తున్నదే ఆయన కోసం. నేను వెళ్ళి నేరుగా పుంజుల గంపల దగ్గర కూర్చుంటే ఆయన, "పుంజుని చూత్తే ఏటి తెలుస్తాది బాబూ, పెట్టని చూడు" అని వెనక పెరట్లోకి తీసుకెళ్ళాడు. నిజమే, మంచి పుంజుకి డబ్బు వస్తుందని అందరూ దాన్ని మేపుతారు, కడుగుతారు, ముస్తాబు చేస్తారు, పెట్టని ఎవరూ పట్టించుకోరు, ఏ పుంజు తొక్కితే ఆ పుంజు. జాతి చెడేది అక్కడే. ఆయన పెట్టల్ని ఒక్కొక్కటీ చేతికిచ్చాడు. రొమ్ము ఎముక వంకర లేకుండా వేలితో తడిమి చూశాను, కాలివేళ్ళు నిటారుగా ఉన్నాయా, ఊపిరిలో గురక ఉందా, కన్ను తేటగా ఉందా అన్నీ చూశాను. రెండేళ్ళు దాటిన పెట్టల్నే తీసుకోమన్నాడు, రెండు వానాకాలాలు రోగం లేకుండా గట్టెక్కినదే గట్టి పిండం అని. రెండు పెట్టలు, వాటికి రక్త సంబంధం లేని వేరే వరసలో, అంటే వేరే వంశంలో, ఒక పుంజు ఇచ్చాడు, 7,500 తీసుకున్నాడు. బేరం ఆడలేదు నేను.

మూడేళ్ళు దాటింది. ఒక్క పిల్లలో కూడా తేడా తురాయి రాలేదు. పుంజులు మూడు కిలోలు దాటుతున్నాయి, పెట్టలు రెండు పైన. గుడ్లు మాత్రం తక్కువ, ఏడాదికి ఒక పెట్ట ముప్పై పెడితే గొప్ప, మధ్యలో పొదుగుడికి కూర్చుంటే ఇక లేవదు. ఆ పొదుగుడే దీని బలం కూడా, పన్నెండు గుడ్లు పెడితే పది పిల్లల్ని తీస్తుంది. గుడ్ల వ్యాపారానికి డంకి తెచ్చుకోకండి. పుంజు పిల్లల్ని నాలుగో నెలలోపే విడదీయాలి, లేకపోతే కళ్ళు పొడుచుకుంటాయి, ఆ గూళ్ళ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

కొనే కాలం కూడా చూసుకోండి. సంక్రాంతి ముందు ఎవరూ మంచిది ఇవ్వరు, ఇచ్చినా రేటు అందదు. కార్తీకంలో కూరకి గిరాకీ తగ్గుతుంది, అప్పుడు పెట్టలు అడిగితే ఇస్తారు.

ఇప్పుడు నా దగ్గర రెండు వరసలు, పదకొండు పెట్టలు ఉన్నాయి. ఏటా పుంజుని ఒక వరస నుంచి ఇంకో వరసకి మారుస్తున్నాను, అన్నాచెల్లెళ్ళ జత పడకుండా. రెండు వరసలతో ఎన్నాళ్ళో నడవదు, మూడోది కావాలి. పాలకొండ అవతల ఒకరి దగ్గర పాత వరస ఉందని తాతే చెప్పాడు. ఫోన్లో ఆ పాలకొండ వైపు ఆయన పుంజు ఫొటోలు పంపుతానన్నారు, వద్దండీ, పెట్టల్ని చూడ్డానికి ఆదివారం వస్తానని చెప్పాను.